హైదరాబాద్‌కు పల్లెలు బాకీ లేవు

తెలంగాణలో ఒక మాట చాలాకాలంగా చలామణీ అవుతోంది. హైదరాబాద్ సంపాదిస్తుంది, మిగతా జిల్లాలు తింటాయి అని. టీవీ చర్చలకు వచ్చే ఆర్థిక నిపుణులు ఈ మాట అంటారు. అసెంబ్లీలో అధికార పక్షం అంటుంది, కుర్చీలు మారాక ప్రతిపక్షమూ అదే అంటుంది. వెంచర్ల బ్రోచర్లు రంగుల్లో అచ్చు వేస్తాయి. ఆఖరికి చౌటుప్పల్‌లోనో షాద్‌నగర్‌లోనో చాయ్ హోటల్ ముందు కూర్చున్న రైతు కూడా "పట్నం లేకుంటే మనకేముంది సార్" అంటాడు. నగరం బంగారు బాతు, చుట్టూ ఉన్న జిల్లాలు దాని గుడ్ల మీద బతికే కుటుంబం. ఈ లెక్క ఎంతగా ఒంటబట్టిందంటే, దాన్ని ఒక్కసారైనా కూడి చూసినవాళ్లు తక్కువ.

ఈ మాటకు ఒక కొనసాగింపు కూడా ఉంది. సంపాదించేది నగరమే అయితే, నగరం ఎంత పెరిగితే అంత మంచిది కదా! నగర పాలనలో కలిసిన ఊరు అదృష్టవంతురాలు, కలవని ఊరు వెనకబడ్డది. 2025 మార్చిలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిని ప్రతిపాదిత రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు. 11 జిల్లాల్లోకి, దాదాపు 10,470 చదరపు కిలోమీటర్లకు, 1,350కి పైగా గ్రామాలకు విస్తరించారు. అప్పుడు ఆ గ్రామాల్లో మిఠాయిలు పంచుకున్నది ఎక్కువగా ప్లాట్ల దళారులే అయినా, పత్రికలు రాసింది మాత్రం 'అభివృద్ధి పరుగు' అనే.

ఈ లెక్క తలకిందులుగా ఉందన్నది నా వాదన. హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాలను పోషించడం లేదు. ఆ జిల్లాలే తమ నీళ్లు, భూములు, గాలి ఇచ్చి హైదరాబాద్‌ను పోషిస్తున్నాయి. బదులుగా నగరపు మురుగు, చెత్త, విషం తీసుకుంటున్నాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో వాటికి నోరు లేకుండా చేసిన ఏర్పాటునే మనం మెట్రోపాలిటన్ ప్రణాళిక అని పిలుచుకుంటున్నాం.

ఆదాయం పుట్టేది ఒకచోట, రాసేది ఒకచోట

ముందు నగరమే పోషిస్తుందనేవాళ్లు గట్టిగా నమ్మే ఆదాయం సంగతే చూద్దాం. రాష్ట్ర ప్రభుత్వం ఏటా వెలువరించే సామాజిక ఆర్థిక నివేదికలో జిల్లాలవారీ తలసరి ఆదాయాలు ఉంటాయి. అందులో కొన్నేళ్లుగా మొదటి స్థానం రంగారెడ్డిది. హైదరాబాద్ జిల్లా తలసరికి అది దాదాపు రెట్టింపు. అదే పట్టికలో కిందివైపు వెతికితే వికారాబాద్ కనబడుతుంది. 2016 అక్టోబరు దాకా వికారాబాద్, తాండూరు, పరిగి అన్నీ రంగారెడ్డి జిల్లావే. అక్కడి రైతు కలెక్టరును కలవాలంటే హైదరాబాద్ నడిబొడ్డున లక్డీకాపూల్‌కు రావలసి ఉండేది. నగరానికి అంత దగ్గరగా, నగరంలోనే జిల్లా కేంద్రం పెట్టుకుని దశాబ్దాలు గడిపిన ప్రాంతం, జిల్లాలు విడదీయగానే రాష్ట్రంలో అట్టడుగున తేలింది. అప్పటిదాకా ఆ పేదరికాన్ని ఒక సగటు దాచిపెట్టింది, అంతే.

ఇప్పుడు రంగారెడ్డి సగటు దాస్తున్నదీ అదే. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ టవర్లలో పుట్టే ఆదాయాన్ని మాడ్గుల, తలకొండపల్లి కూలీల దినసరితో కలిపి భాగిస్తే వచ్చే అంకె అది. ఆ అంకె చూపించి 'నగరం పక్కన ఉన్నందుకు జిల్లా ఎంత బాగుపడిందో చూడండి' అనేవాళ్లు మాడ్గుల వెళ్లి చూసిన పాపాన పోరు.

ఇక పన్నుల వాదన. రాష్ట్ర ఖజానాకు వచ్చేదాంట్లో సింహభాగం హైదరాబాద్ నుంచే అంటారు. వచ్చేది హైదరాబాద్ చిరునామా నుంచి, నిజమే. జీఎస్టీలో ఒక కంపెనీ ఒక రాష్ట్రంలో సాధారణంగా ఒకే రిజిస్ట్రేషన్ తీసుకుంటుంది, ప్రధాన కార్యాలయం ఉన్నచోటే లెక్క చూపిస్తుంది. మఠంపల్లి, మేళ్లచెరువు కొండల సున్నపురాయితో తయారయ్యే సిమెంటు దుమ్ము సూర్యాపేట జిల్లాలో పడుతుంది. కంపెనీ కార్యాలయం బంజారాహిల్స్‌లోనో సోమాజిగూడలోనో ఉంటే లెక్క అక్కడ పడుతుంది. గద్వాల రైతు ఎండలో పత్తి పూలకు చేత్తో పరాగ సంపర్కం చేయించి విత్తనం పండిస్తాడు. దాన్ని సంచుల్లో నింపి లేబుల్ అతికించే కంపెనీలు మేడ్చల్, కొంపల్లి చుట్టూ ఉంటాయి, లాభం అక్కడ పుట్టినట్టు కనబడుతుంది. బిల్లు ఎక్కడ కొట్టారన్నదాన్నే సంపద ఎక్కడ పుట్టిందన్నదానికి రుజువుగా చూపిస్తే, ఆ వాదనకు విలువ ఎంత?

నగరంలో అసలు సంపదే పుట్టడం లేదని నేను అనను. ఐటీ, ఫార్మా పరిశోధన, ఆసుపత్రులు, చదువులు, వ్యాపారం, ఇవన్నీ ఒకచోట చేరడం వల్ల పుట్టే విలువ వేరే చోట అంత తేలిగ్గా పుట్టదు. అయితే ఆ చేరిక గాలిలో నిలబడలేదు. దాని కింద ఉన్నవేమిటో ఒక్కొక్కటే చూడాలి.

నీళ్లు

1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కొన్ని దశాబ్దాలు నగరం తన పెరట్లోని నీళ్లే తాగింది. తర్వాత చేయి చాచింది మంజీరా వైపు, 1990ల నాటికి సింగూరు వైపు. అదే మంజీరా మీద దిగువన మెదక్ రైతుల ఘనపూర్ ఆనకట్ట, ఆ కింద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉన్నాయి. నిజామాబాద్ చెరకు, వరి నిజాంసాగర్ నీళ్ల మీద నిలబడ్డవి. పైన సింగూరులో నగరం వాటా పక్కన పెట్టాక కింద ఆయకట్టు రైతులు ఎన్ని యాసంగులు వదులుకున్నారో బోధన్, వర్ని పక్కలకు వెళ్లి ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతాడు.

2004లో కృష్ణా నీళ్లు వచ్చాయి. నాగార్జునసాగర్ వెనకనీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయంలో నింపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నగరానికి పంపుతారు. 2015 నాటికి మూడు దశలు పూర్తయి ఏటా 16.5 టీఎంసీలు ఈ దారిన వెళ్లే ఏర్పాటు జరిగింది. ఈ దారి ఏ జిల్లా గుండా పోతుందో గమనించండి. నల్లగొండ. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన, కాళ్లు వంకర తిరిగిన మనుషులున్న జిల్లా. మిషన్ భగీరథ 2016లో మొదలయ్యేదాకా ఆ మండలాల్లో చాలా ఊళ్లు బోరునీళ్లే దిక్కుగా బతికాయి. అప్పటికి పన్నెండేళ్లుగా వాళ్ల జిల్లాలోంచే మంచినీటి గొట్టాలు నగరానికి పోతున్నాయి. 2021 జనవరి నుంచి నగరంలో ప్రతి ఇంటికీ నెలకు 20 వేల లీటర్లు ఉచితం. నేను దాన్ని తప్పు పట్టడం లేదు. బస్తీలో ఉండే మనిషికి తాగునీరు ఉచితంగా ఇవ్వాల్సిందే. ఆ నీళ్లకు కృతజ్ఞత ఎవరికి చెప్పాలో మరిచిపోయి, ఎదురుగా నిలబడ్డవాణ్ని 'మా పన్నులతో బతుకుతున్నావు' అనడమే తప్పు.

2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్ల గొట్టంలో గోదావరి వచ్చింది. మరుసటి వేసవిలో సింగూరు, మంజీరా, జంట జలాశయాలు అన్నీ ఎండిపోతే నగరాన్ని కాపాడింది ఆ గొట్టమూ, కృష్ణా గొట్టమూనే. 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన గోదావరి రెండు, మూడు దశలకు నీళ్లు మల్లన్నసాగర్ నుంచి తీసుకుంటారు. మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు మునిగిపోయాయి. వాళ్లకు ప్రధానంగా చెప్పింది సాగునీటి కోసమనే. ఊరు పోయిన మనిషి త్యాగం మీద ఇప్పుడు నగరం దాహం తీరబోతోంది. ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ ఈ పద్దు 'హైదరాబాద్‌కు జిల్లాల సాయం' అనే శీర్షిక కింద కనబడదు.

వెళ్లేది గొట్టంలో, వచ్చేది వాగులో

గొట్టాల్లో పోయిన నీళ్లు తిరిగి జిల్లాలకే వస్తాయి, మూసీలో. పోచంపల్లి మండలం పిల్లాయిపల్లి దగ్గర మూసీ మీద కాలువ మొదలయ్యే చోట నిలబడితే విషయం అర్థం కావడానికి ఏ నివేదికా చదవనక్కర్లేదు. కత్వ మీంచి దూకే నీళ్లు తెల్లగా నురగ కట్టి, గాలికి ఆ నురగ ముద్దలు ముద్దలుగా ఎగిరి పొలం గట్ల మీద పడుతుంటుంది. నీళ్ల వాసన రోడ్డు మీదికే తెలుస్తుంది. ఆ నీళ్లే కాలువలో మళ్లి వరి మడుల్లోకి వెళ్తాయి. నాటు వేసే ఆడవాళ్లను కాళ్లు చూపించమనాల్సిన పని లేదు. గట్టెక్కి కూర్చోగానే వాళ్లే మోకాళ్ల కింద గోకుతూ చెబుతారు. నీళ్లు లేని ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా పారే నది అది ఒక్కటే, అందుకే వదులుకోలేరు. రెండు పంటలు పండుతాయి. తాము పండించిన బియ్యం అమ్మి, తినడానికి వేరే బియ్యం కొనుక్కుంటామని చెప్పే ఇళ్లు ఆ ఒడ్డున ఉన్నాయి. నగరంలోని డెయిరీ గేదెలకు గడ్డి వెళ్లేదీ ఈ ఒడ్డు నుంచే. అంటే నగరం పంపిన మురుగు పాలుగా మారి నగరానికే చేరుతోంది. ఈ ఒక్క విషయం గుర్తున్నా 'మురుగు బయటి జిల్లాల సమస్య' అనుకునే ధీమా పోతుంది.

ఇక చెత్త. రోజుకు కొన్ని వేల టన్నుల నగరపు చెత్త రెండు దశాబ్దాలకు పైగా ఒకే చోటికి చేరుతోంది. అది మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా జవహర్‌నగర్. పాత గుట్టను మట్టితో కప్పారు, పక్కన కరెంటు తయారీ కేంద్రం పెట్టారు. ఊట మాత్రం మల్కారం చెరువును నల్లగా చేసి వదిలింది. దమ్మాయిగూడ, జవహర్‌నగర్ కాలనీల్లో వానాకాలం సాయంత్రం కిటికీ తెరిచే ఇల్లు అరుదు. ఇన్నాళ్లూ ఆ జవహర్‌నగర్ జీహెచ్‌ఎంసీలో లేదు. నగరపు చెత్త తీసుకున్నా, నగర కార్పొరేటర్‌ను ఎన్నుకునే హక్కు అక్కడివాళ్లకు లేదు. 2025 చివర్లో విలీనం చేశారు. అంటే ఇరవై ఏళ్లు చెత్త మోసిన తర్వాత ఓటు వచ్చింది, చెత్త అక్కడే ఉంది.

మూడోది పరిశ్రమల విషం. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం. నక్కవాగు వెంట భూములు ఎలా చెడిపోయాయో దేశమంతా కోర్టుల ద్వారానే తెలుసుకుంది. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు హైకోర్టుకు, అక్కడినుంచి హరిత ట్రైబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు దాకా వచ్చింది. కేసు వేసినప్పుడు పాతికేళ్ల వయసున్న రైతు తీర్పు నాటికి యాభై దాటాడు. నక్కవాగు పోయి కలిసేది ఎక్కడ? మంజీరాలో. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక రసాయన పరిశ్రమలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు పోయారు. వాళ్లలో ఎక్కువమంది పొట్ట చేతపట్టుకుని దూర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. 'హైదరాబాద్ దేశపు ఫార్మా రాజధాని' అని చెప్పుకునేటప్పుడు ఆ కీర్తి నగరానిది. నష్టం మాత్రం సంగారెడ్డి జిల్లా పద్దు.

భూమి ధర పెరిగింది, ఎవరికి?

ఇక్కడికి వచ్చేసరికి అవతలివాళ్లు తమ బలమైన అస్త్రం తీస్తారు. 'ఎకరం లక్షకు కొనేవాడు లేని చోట ఇప్పుడు కోట్లు పలుకుతోంది. ఇంతకన్నా మేలు ఏం కావాలి?'

ధర పెరిగింది, సందేహం లేదు. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఆ ధర పెరుగుదల రైతు చేతిలో ఎంత, మధ్యవాడి చేతిలో ఎంత అన్నదే ప్రశ్న. రోడ్డు ఎటు పోతుందో గీత బయటికి రాకముందే తెలిసినవాళ్లు కొన్నారు. గీత బయటికి వచ్చాక తెలిసినవాళ్లు అమ్ముకున్నారు. చౌటుప్పల్ దాటి ఎటు పోయినా ఒకటే దృశ్యం. నిన్నటిదాకా పెసర, కంది వేసిన చెలకలో ఒక ఆర్చి, రంగు జెండాలు, వరుసలు వరుసలుగా పాతిన కడీలు. ఒక్క ఇల్లు ఉండదు. పదేళ్లయినా ఉండదు. అక్కడ ఎవరూ కాపురం చేయరు, సాగు అంతకన్నా చేయరు, చేతులు మారే కాగితం మాత్రం పెరుగుతుంది. ఆ చెలకలో కూలికి పోయే ఆడమనిషికి, కౌలుకు చేసే మనిషికి ఈ ధరలో పైసా వాటా లేదు. పట్టా లేని కౌలు రైతు పేరు పరిహారం జాబితాలో కనబడటం అరుదు.

పట్టా ఉన్న చిన్న రైతు సంగతి? అతని భూమి రోడ్డు గీత కింద పడితే వచ్చే పరిహారానికి ఆధారం రిజిస్ట్రేషన్ పుస్తకంలోని ధర. పక్క పొలం కోట్లు పలుకుతున్నా పుస్తకంలో లక్షలే ఉంటాయి. రాయగిరి రైతులు రీజినల్ రింగ్ రోడ్డు దారిని ప్రశ్నించింది అందుకే. 2023లో వాళ్లను చేతులకు బేడీలు వేసి భువనగిరి కోర్టుకు తీసుకొచ్చిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. యాచారం, కందుకూరు మండలాల్లో ఫార్మాసిటీ పేరుతో వేల ఎకరాలు తీసుకున్నారు. ఫార్మాసిటీ రాలేదు. ఇప్పుడు అక్కడే ఫ్యూచర్ సిటీ అంటున్నారు. పేరు మారింది, భూమి ఇచ్చినవాళ్లు మారలేదు. ఇవ్వనన్నవాళ్లు తమ పట్టాలు ఆన్‌లైన్‌లో కనబడటం లేదని మేడిపల్లి, కుర్మిద్ద నుంచి కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు.

111 జీవో కథ ఇంకా బాగుంటుంది. జంట జలాశయాలను కాపాడటానికి 1996 మార్చిలో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. ఉద్దేశం మంచిదే, నేను దాన్ని సమర్థిస్తాను. నగరం తాగే నీళ్ల కోసం ఆ 84 ఊళ్ల రైతులు పాతికేళ్లు తమ భూమి విలువ పెరగకుండా ఆపుకున్నారు. దానికి ప్రతిఫలంగా వాళ్లకు నగరం ఏటా ఏమిచ్చింది? ఏమీ ఇవ్వలేదు. ఈలోగా విసిగిపోయి తక్కువకు అమ్ముకున్నవాళ్ల దగ్గర కొన్నవాళ్లు ఫామ్‌హౌస్‌లు కట్టారు. 2022లో ఆంక్షలు సడలించారు, 2023లో జీవోనే ఎత్తేస్తామని మంత్రివర్గం తీర్మానించింది. ఆంక్షల బరువు మోసిన చేతులు వేరు, సడలింపు లాభం అందుకునే చేతులు వేరు. ఇంతకన్నా స్పష్టంగా ఈ మెట్రోపాలిటన్ ఆర్థికశాస్త్రాన్ని చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డునే తీసుకోండి. చుట్టూ ఊళ్ల భూముల మీద వేసిన రోడ్డు. 2023లో టోలు వసూలును 30 ఏళ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చేశారు. ముప్పై ఏళ్ల రాబడి ఒకే దఫా తీసుకున్న ప్రభుత్వానికి, భూమి ఇచ్చిన పంచాయతీలకు అందులో పిసరంత వాటా రాయాలన్న ఆలోచన రాలేదు.

ఒకే గొడుగు అనే భ్రమ

చివరి వాదన పెద్దమనిషి వాదన. 'ఇవన్నీ ముక్కలు ముక్కలుగా పాలించడం వల్ల వచ్చిన చిక్కులు. అందరినీ ఒకే గొడుగు కిందికి తెస్తే ప్రణాళిక బాగుపడుతుంది.'

గొడుగులు కొత్త కాదు. 1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) వచ్చింది. 2008లో హుడాను, సైబరాబాద్, విమానాశ్రయ, బుద్ధపూర్ణిమ సంస్థలను కలిపి హెచ్‌ఎండీఏ చేశారు. అంతకు ముందు ఏడాది 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2020 అక్టోబరు వరదలో బాలాపూర్ గుర్రం చెరువు పొంగి పాతబస్తీ కాలనీలను ముంచినప్పుడు ఆ చెరువూ, మునిగిన కాలనీలూ రెండూ ఈ పెద్ద గొడుగుల కిందే ఉన్నాయి. హెచ్‌ఎండీఏ గుర్తించిన చెరువులు మూడు వేలకు పైగా. వాటి శిఖం భూముల్లో లేఅవుట్లు వెలిసింది గొడుగు లేని కాలంలో కాదు. అధికారం పైకి చేరినకొద్దీ చెరువు గట్టు దూరమవుతుంది. ఊరి చెరువు అలుగు ఎటు పారుతుందో నీరటికాడికి తెలిసినంతగా హెచ్‌ఎండీఏ కార్యాలయానికి తెలియదు.

అసలు ఈ గొడుగు పట్టుకున్నది ఎవరు? హెచ్‌ఎండీఏకు అధ్యక్షుడు ముఖ్యమంత్రి, రోజువారీ పగ్గాలు ఒక ఐఏఎస్ అధికారివి. రాజ్యాంగం వేరే మాట చెప్పింది. 74వ సవరణ ద్వారా వచ్చిన 243 జెడ్‌ఈ అధికరణం ప్రకారం మహానగర ప్రాంతానికి ఒక మెట్రోపాలిటన్ ప్రణాళికా కమిటీ ఉండాలి. దానిలో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను ఆ ప్రాంతంలోని మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచే ఎన్నుకోవాలి. మనకూ 2007లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. కలకత్తా 2001లోనే అలాంటి కమిటీ వేసుకుంది. మన దగ్గర ప్రణాళికను నడిపించే అలాంటి కమిటీ పేరు విన్న సర్పంచ్ ఎక్కడైనా ఉన్నాడేమో వెతకండి.

అన్నిటికన్నా ఘోరమైన విషయం తేదీల్లో ఉంది. తెలంగాణ గ్రామ పంచాయతీల పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే. ఆ మధ్యలోనే, 2024 సెప్టెంబరులో అవుటర్ చుట్టూ 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. ఆ మధ్యలోనే, 2025 మార్చిలో హెచ్‌ఎండీఏను 11 జిల్లాలకు విస్తరించారు. 2025 జనవరిలో చాలా మున్సిపల్ పాలకవర్గాల గడువు తీరింది. ఏడాది చివర్లో అవుటర్ లోపలి 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. అంటే వందల ఊళ్ల తలరాత మార్చే నిర్ణయాలు జరిగినప్పుడు, ఆ ఊరి తరఫున తీర్మానం చేయడానికి ఒక్క ఎన్నికైన వార్డు మెంబరు కూడా కుర్చీలో లేడు. పెళ్లి ఇంట్లో పెళ్లికూతురును అడగలేదన్న మాట చాలదు, ఇంట్లో పెద్దలెవరూ లేనప్పుడు చూసి ముహూర్తం పెట్టారు.

దీన్ని కాకతాళీయమని సమర్థించేవాళ్లు ఉంటారు. కావచ్చు. అయితే వాళ్లు ఒక చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇంత మేలు చేసే విలీనమే అయితే, సర్పంచులు, కౌన్సిలర్లు వచ్చేదాకా ఆగి వాళ్ల చేత చప్పట్లు కొట్టించుకోవచ్చు కదా? అంత తొందర దేనికి?

మరి ఏం చేయాలి

నగరాన్ని ద్వేషించడం నా పని కాదు. పాలమూరు, నల్లగొండ, మెదక్ జిల్లాల నుంచి వచ్చిన లక్షలమందికి అదే చదువు, అదే ఆసుపత్రి, అదే ఉపాధి. ఊళ్లో కులం పేరుతో తలవంచుకున్న మనిషి నగరంలో తలెత్తి నడిచిన కథలు తక్కువేం కాదు. ఆటో నడిపినా, కాపలా కాసినా, కోడింగ్ రాసినా నగరం వాళ్లకు చోటిచ్చింది. ఇదంతా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నంత మాత్రాన చుట్టుపక్కల ఊళ్లు చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం లేదు. పరస్పరం ఆధారపడ్డ రెండు పక్షాల మధ్య ఉండాల్సింది ఒప్పందం. ఇప్పుడున్నది దయాదాక్షిణ్యం భాష, అదీ తలకిందులుగా.

ఒప్పందమంటే కొన్ని పనులు. రాజ్యాంగం చెప్పిన ప్రణాళికా కమిటీని ఇప్పుడు కొత్తగా ఎన్నికైన సర్పంచులతో, పట్టణ ప్రతినిధులతో వేయాలి. హెచ్‌ఎండీఏ భూముల వేలంలో, అభివృద్ధి రుసుముల్లో, అవుటర్ టోలులో నిర్ణీత వాటా ఆ భూములున్న స్థానిక సంస్థల ఖాతాకు నేరుగా వెళ్లాలి. నీళ్లు వెళ్లే గొట్టం దారిలోని ప్రతి ఊరికి ఆ గొట్టం నుంచే మొదటి నల్లా ఉండాలి. నగరపు మురుగు అవుటర్ దాటే ముందు శుద్ధి అయి తీరాలి. శుద్ధి కాని ప్రతి చుక్కకు నగరపాలక సంస్థ కింది ఊళ్లకు పరిహారం కట్టాలి. చెత్తను ఒక్క జవహర్‌నగర్ నెత్తిన పెట్టకుండా ఏ సర్కిల్ చెత్త ఆ సర్కిల్‌లోనే వేరు చేసి వదిలించుకోవాలి. పరిహారం జాబితాలో కౌలు రైతుకు, కూలీకి చోటు ఉండాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. వీటిలో మొదటిది మూడు దశాబ్దాలుగా రాజ్యాంగంలో ఉన్నదే. మిగతావి, ఎవరు ఎవరికి ఎంత ఇస్తున్నారో నిజాయితీగా రాసుకుంటే తమంతట తామే తేలేవి. 'నగరం ఎదుగుదలకు ఇవన్నీ అడ్డం' అని ఎవరైనా అంటే ఆ మాటకు అర్థం ఒకటే. పక్కవాడికి కట్టాల్సింది కట్టకుండా మిగుల్చుకున్న దాన్నే ఇన్నాళ్లూ ఎదుగుదల అనుకున్నామని.

విస్తరించిన ప్రాంతానికి 2050 దాకా మాస్టర్ ప్లాన్ తయారవుతోందని చెబుతున్నారు. కొత్త సర్పంచులు కుర్చీల్లోకి వచ్చారు. ఆ ముసాయిదా తెలుగులో, సర్వే నంబర్లతో సహా ప్రతి గ్రామసభ ముందుకు రావాలి. ఏ పొలం మీద ఏ రంగు పూశారో రైతు చూసి, అక్కర్లేదంటే రాతపూర్వకంగా చెప్పే గడువు ఇవ్వాలి. ఆ తీర్మానాలు చేతికి రాకుండా ఆ ప్లాన్ మీద ముఖ్యమంత్రి సంతకం పెట్టకూడదు. సర్పంచులు ఈ ఒక్క షరతు మీద పార్టీల తేడా లేకుండా నిలబడగలిగితే చాలు, మిగతా చర్చ సమానుల మధ్య జరుగుతుంది.